దోమ కడుపు చదవడం: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

ఇంట్లో తిరిగే దోమను చంపడం ఎవరికైనా వచ్చు. అది ఎప్పుడు కుట్టింది, కడుపులో గుడ్లు ఎంతవరకు తయారయ్యాయి, ఇదివరకే ఒకసారి గుడ్లు పెట్టిందా అన్నది దాని ఒంటిని చూసి చెప్పడం ఈ ప్రాజెక్టు పని. దోమలు ఎన్ని ఉన్నాయన్న లెక్కకంటే వాటి వయసే నాకు ముఖ్యం. డెంగీ రోగిని కుట్టిన ఏడిస్ దోమ మర్నాడే ఇంకొకరికి జబ్బు అంటించలేదు. 25 నుంచి 28 డిగ్రీల వేడిలో ఆ వైరస్ దోమ కడుపు దాటి లాలాజల గ్రంథుల్లోకి చేరడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. అన్నాళ్లూ బతికిన దోమే ప్రమాదకారి. ఆ లోపే చచ్చేది ఎంత కుట్టినా దురద మాత్రమే మిగులుస్తుంది. అందుకని గోడ మీద కనబడిన వంద దోమల్లో ముసలివి ఎన్ని అన్నదే అసలు ప్రశ్న.

సరంజామా పెద్దదేమీ కాదు. మామూలు మైక్రోస్కోపు, చేతి భూతద్దం, సన్నటి సూదులు రెండు, స్లైడ్లు, కాగితపు కప్పులు, వాటి మూతికి బిగించడానికి దోమతెర ముక్కలు, ఫిల్టరు పేపరు, చక్కెర నీళ్లలో తడిపిన దూది. దోమలను పట్టడానికి పీల్చే గొట్టం: గాజు గొట్టానికి రబ్బరు గొట్టం తగిలించి, మధ్యలో సన్నటి వల అడ్డం పెట్టుకుంటే సరి. వల దోమను ఆపుతుంది కానీ దాని పొలుసులను ఆపలేదు. నాలుగు గదులు తిరిగేసరికి గొంతు గరగరమంటుంది. అందుకని నోటికి బదులు చిన్న బ్యాటరీ ఫ్యానుతో పీల్చే గొట్టానికి మారాను.

ఒక నియమం ముందే పెట్టుకున్నాను: నా ఒంటి రక్తం దోమలకు ఇవ్వను. "అక్కా, నువ్వే చెయ్యి పెడితే ఏ నిమిషంలో తాగిందో రాసుకోవచ్చు కదా" అన్నాడు తమ్ముడు, లైటు పట్టుకోవడానికి వచ్చినవాడు. నిజమే, కానీ బయట పట్టిన దోమ నోట్లో ఏ వైరస్ ఉందో చూస్తే తెలియదు. ప్రయోగశాలల్లో దీనికి వేరే దారి ఉంది. పలుచటి పొర మీద వెచ్చటి రక్తం పెడతారు, దోమలు కింది నుంచి పొరను గుచ్చి తాగుతాయి. ఇంకా చిత్రమేమిటంటే ఏడిస్‌ను మోసం చేయడానికి రక్తం కూడా అక్కరలేదు. ఎర్ర రక్తకణాల్లో ఉండే ఏటీపీ అనే పదార్థాన్ని గోరువెచ్చటి ఉప్పునీటిలో కలిపి పెడితే చాలు, రక్తమే అనుకొని కడుపు నింపుకుంటుంది. నేను ఆ దారిలోకీ పోలేదు. అప్పటికే తాగి గోడ మీద వాలిన దోమలను పట్టి, అక్కడి నుంచి లెక్క మొదలుపెడతాను. తాగిన నిమిషం తెలియదు కానీ పూట తెలుస్తుంది, ఈ పనికి అది చాలు.

అదే వారం, గోడల వెంట

ఉదయం వెలుతురు వచ్చాక వెతకడం మేలు. రాత్రంతా తిరిగిన క్యూలెక్స్ రకం దోమ అప్పుడు కదలకుండా కూర్చుంటుంది. బీరువా వెనక, తలుపు మూల, వేలాడే బట్టల మడతలు, స్నానాల గది పైభాగం దాని చోట్లు. ఏడిస్ ఈజిప్టి కిందికి దిగుతుంది: మంచం అడుగు, బల్ల కింద నీడ, చెప్పుల అర. అదేమో పగటిపూట కుట్టే రకం, పొద్దెక్కిన తొలి గంటల్లోనూ మళ్లీ సాయంత్రం పొద్దు వాలేముందూ చురుకు. రెండింటికీ ఒకే ఇల్లు, వేళలు మాత్రం వేరు.

గుర్తుపట్టడం త్వరగానే అలవాటైంది. ఏడిస్ నల్లగా ఉండి కాళ్ల మీద తెల్లటి పట్టీలు, వీపు మీద వీణ ఆకారంలో తెల్లటి గీతలు ఉంటాయి. క్యూలెక్స్ గోధుమరంగు, వీపు గూనిగా వంచి గోడకు సమాంతరంగా వాలుతుంది. అనాఫిలిస్ రెక్కల మీద మచ్చలు, తల కిందికి, తోక పైకి ఎత్తి వాలుగా నిలబడుతుంది. నగరపు దోమల జాబితాలో దాన్ని మరచిపోకూడదు. అనాఫిలిస్ స్టీఫెన్సీ మేడల మీది నీటి తొట్లలోనే పెరిగే మలేరియా దోమ. దక్షిణాసియాకు, పశ్చిమాసియాకు పరిమితమైన రకమనుకుంటే 2012లో ఆఫ్రికా కొమ్ములోని జిబూతిలో బయటపడింది.

మగవి కూడా గొట్టంలోకి వస్తాయి. గుబురు మీసాలను చూసి వాటిని వదిలేస్తున్నాను. వాటి తొండానికి చర్మాన్ని గుచ్చే పదును లేదు, తిండి అంతా పూలతేనె, మొక్కల రసాలే. ఆడవీ తియ్యటి రసాలు తాగుతాయి, ఎగరడానికి శక్తి అక్కడి నుంచే. రక్తం కావలసింది గుడ్ల కోసం. మగవాటి గురించి ఒక్క విషయం రాసి ముందుకు వెళతాను: ప్యూపా నుంచి బయటపడిన మగదోమ వెంటనే జతకట్టలేదు. దాని తోక చివరి ఖండాలు 180 డిగ్రీలు మెలి తిరగాలి, దానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఇంత వింత ఏర్పాటు చదివాక మగవాటి మీద చిన్నచూపు తగ్గింది.

ఇక కడుపు. భూతద్దంలో నాలుగు రకాలుగా విడదీస్తున్నాను. ఖాళీ కడుపు చదునుగా, సన్నగా ఉంటుంది. తాజాగా తాగిన దాని పొట్ట ఉబ్బి, ఖండాల మధ్య పలుచటి చర్మం సాగి, లోపలి ఎరుపు బయటికి మెరుస్తుంది. సగం గర్భం అన్న దశలో ఆ ఎరుపు ముదిరి నలుపై ముందుకు జరుగుతుంది, వెనక నుంచి గుడ్ల తెలుపు నింపుకుంటూ వస్తుంది. నిండు గర్భంలో పొట్ట అంతా పాలిపోయిన తెలుపు, రక్తం జాడ ముందువైపు ఒక నల్లటి చారగా మిగులుతుంది. మధ్య దశలను ఇంకా సన్నగా విడదీసి ఏడుగా లెక్కపెట్టే సెల్లా పద్ధతి ఉంది. రెండూ ప్రయత్నించి నాలుగుకే వచ్చాను. నాలుగో దశకూ ఐదో దశకూ తేడా నా కంటికి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా కనబడుతోంది. అలాంటి అంకె నోటు పుస్తకంలో రాసి ప్రయోజనం లేదు.

రెండో వారం

పట్టినవాటిని ఒక్కో కప్పులో ఒక్కటిగా ఉంచి పూటపూటా చూస్తున్నాను. గది వేడి 27, 28 డిగ్రీల దగ్గర నిలుస్తోంది.

తాజాగా తాగిన ఏడిస్ కప్పులో మొదట కనబడేది తడి. కప్పు అడుగున పరిచిన కాగితం మీద గంట గడవకముందే సన్నటి మచ్చలు. రక్తంలో ఎక్కువ భాగం నీరే కదా. దోమకు కావలసింది అందులోని మాంసకృత్తులు. ఎగరడానికి అడ్డమైన నీటి బరువును వెంటనే వదిలించుకుంటుంది. తన బరువుకు సమానంగా, ఒక్కోసారి అంతకు మించి తాగిన ప్రాణికి ఇది తప్పదు, తాగిన మొదటి గంటల్లో బద్ధకంగా ఎగిరే దోమ చేతికి సులువుగా చిక్కుతుంది కూడా. అనాఫిలిస్‌లు ఇంకో అడుగు ముందుకు వేస్తాయి: తాగుతుండగానే తోక చివర ఎర్రటి బొట్టును వేలాడదీస్తాయి. ఆ బొట్టు ఆవిరవుతూ వెచ్చటి రక్తంతో వేడెక్కిన ఒంటిని చల్లబరుస్తుందని కొలిచి చూపించారు.

ఎంత తాగాలో దోమకు ఎలా తెలుస్తుంది? పొట్ట సాగడాన్ని పసిగట్టే నరాలు ఆపమని చెబుతాయి. 1969లో గ్వాడ్జ్ అనే శాస్త్రవేత్త ఏడిస్ పొట్ట అడుగున వెళ్లే నరాల తాడును కత్తిరించి చూశాడు. కబురు తలకు అందని ఆ దోమలు ఆపకుండా తాగుతూ పోయాయి, కొన్నిటి పొట్టలు పగిలే దాకా.

పొట్ట నిండాక మనిషి వాసన మీద దానికి ఆసక్తి పోతుంది. తెర మీద అరచెయ్యి ఆనించి చూడడం నాకు అలవాటైంది (తెరకూ చేతికీ మధ్య తొండం అందనంత ఎడం ఉంచి). ఖాళీ కడుపుతో ఉన్నది ఎగిరి తెర కిందికి వచ్చి తచ్చాడుతుంది. తాగినది కప్పు గోడ వదలదు. మొదటి రోజు ఇది పొట్ట బరువు వల్లే అనుకోవచ్చు. కానీ రక్తం చాలావరకు అరిగి పొట్ట తగ్గాక కూడా గుడ్లు పెట్టేంతవరకు ఆ అనాసక్తి కొనసాగుతుంది. అంటే దీన్ని నడిపేది పొట్ట సాగుడు ఒక్కటే కాదు, ఒంట్లోని రసాయనాలూ ఉన్నాయి. 2019లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో లెస్లీ వోస్‌హాల్ బృందం ఏడిస్‌లో ఆ అనాసక్తికి కారణమైన ఒక గ్రాహకాన్ని గుర్తించింది. దాన్ని ప్రేరేపించే మందు పట్టిస్తే ఖాళీ కడుపు దోమలు కూడా మనిషి జోలికి రావడం తగ్గించాయి. దోమను చంపకుండా దాని ఆకలిని చంపే ఆలోచన నాకు బాగా నచ్చింది.

కప్పులో ఏమీ జరుగుతున్నట్టు కనబడని రెండో రోజే లోపల పని ముమ్మరం. రక్తం ముద్ద చుట్టూ జీర్ణాశయం ఒక పలుచటి సంచిలాంటి పొరను అల్లుకుంటుంది. మెదడు నుంచి వచ్చిన హార్మోను అందగానే అండాశయాలు ఎక్‌డైసోన్ జాతి హార్మోనును తయారుచేస్తాయి. దాని ఆజ్ఞతో కొవ్వు కణజాలం పచ్చసొన మాంసకృత్తులను వండి రక్తద్రవంలోకి వదులుతుంది, గుడ్లు వాటిని పీల్చుకుంటాయి. ఆ వంట తాగిన ఒక రోజుకు తారస్థాయికి చేరి మర్నాటికి ఆగిపోతుంది. అండాశయంలోని అండగొట్టాలన్నీ ఒకేసారి ఒక్కో గుడ్డును ఎదిగిస్తాయి, తర్వాతి గుడ్డు ప్రతి గొట్టంలోనూ వంతు కోసం ఆగి ఉంటుంది. కాబట్టే దోమ రోజుకో గుడ్డు పెట్టదు. ఒక భోజనం, ఒక విడత. ఈ ఎదుగుదలను ఐదు దశలుగా విడదీసి చూడడం 1911 నాటి క్రిస్టోఫర్స్ పద్ధతి, ఇప్పటికీ అందరం అదే వాడుతున్నాం.

నా కప్పుల్లో ఏడిస్ ఎరుపు నుంచి నిండు తెలుపుకు రావడానికి ఇంచుమించు మూడు రోజులు పడుతోంది. చల్లటి గదిలో పెట్టిన కప్పులు స్పష్టంగా వెనకబడ్డాయి. ఎండ ముదిరిన కాలంలో దోమ త్వరగా అరిగించుకుంటుంది, త్వరగా గుడ్లు పెడుతుంది, త్వరగా మళ్లీ కుట్టడానికి వస్తుంది. వైరస్ ఎదుగుదల కూడా అదే వేడికి వేగం పుంజుకుంటుంది.

రెండో వారం చివర, తెల్లవారుజాము

నిండు గర్భంతో ఉన్న క్యూలెక్స్ ఒకదాన్ని గడ్డి నానేసిన మురికి నీళ్ల గిన్నె పెట్టిన బోనులోకి వదిలాను. ఎర్ర లైటులో చూశాను. నీటి మీద నాలుగు ముందుకాళ్లు ఆనించి నిలబడింది, బరువుకు నీటి పై పొర కాళ్ల కింద చిన్న గుంటలు పడింది. వెనక కాళ్లు రెండూ దగ్గరకు చేర్చి కోణంలా పట్టుకుంది. తోక చివర ఒక గుడ్డు జారి ఆ రెండు కాళ్ల మధ్య నిలువుగా నిలబడింది, దాని పక్కన ఇంకొకటి. గుడ్లకు గుడ్లు అతుక్కుంటూ వరసలు పెరిగాయి, దోమ కదలలేదు. ముగిసేసరికి తెల్లటి తెప్ప ఒకటి తేలుతోంది. తెల్లవారి చూసేసరికి అది గోధుమరంగుకు, ఆపైన నలుపుకు తిరిగింది. తెప్పకు నూటికి పైగా గుడ్లు, రెండు వందలు దాటడమూ మామూలే. భూతద్దంలో ప్రతి గుడ్డు పై కొనన మెరిసే సన్నటి బొట్టు. ఆ బొట్టు వాసన మిగతా క్యూలెక్స్ తల్లులను రప్పిస్తుంది. ఒక మురికి కుంటలో గుడ్లు పడ్డాయంటే అక్కడే మరిన్ని పడతాయి, ఏ గుంటను వదిలేయాలో మనం నిర్ణయించుకునేలోపు అవి నిర్ణయించేసుకుంటాయి.

ఏడిస్ తీరు పూర్తిగా వేరు. బోనులో నల్లటి కప్పులు కొన్ని పెట్టి లోపలి గోడకు ఫిల్టరు పేపరు అంటించాను. నీటి మీద ఒక్కటీ పెట్టలేదు. నీటిమట్టానికి కాస్త పైన, తడి కాగితం మీద ఒక్కొక్కటిగా గుచ్చినట్టు అతికించింది. అదీ అన్నీ ఒకే కప్పులో కాదు, అక్కడ కొన్ని, ఇక్కడ కొన్ని. ఒక తొట్టి ఎండినా ఇంకో తొట్టిలో సంతానం దక్కుతుంది. పెట్టినప్పుడు తెలుపు, ఒకటి రెండు గంటల్లో నలుపు. లోపలి పిండం ఎదగడానికి రెండు మూడు రోజులు తడి దొరికితే, ఆ తర్వాత ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీరు తగిలితే పిల్లలు బయటికి వస్తాయి. తొట్టి నీళ్లు పారబోసి, గోడ రుద్దకుండా మళ్లీ నింపేవాళ్లు గుడ్లను కదిలించనే లేదన్నమాట.

ఆ కాగితాల మీది గుడ్లను లెక్కపెట్టి, మరిగే నీళ్లలో వేసి పారేశాను. గిన్నెలోని తెప్పలదీ అదే గతి. దోమల మీద ప్రాజెక్టు పెట్టుకుని దోమలను పెంచి ఊరి మీదికి వదలడం కంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు.

మూడో వారం: సూదుల పని

వయసు చదవాలంటే కడుపు రంగు చాలదు, అండాశయం చూడాలి. ఫ్రీజరులో చంపిన దోమను స్లైడు మీద ఉప్పునీటి చుక్కలో వెల్లకిలా పడుకోబెట్టాలి. ఎడమ సూదితో ఛాతీని అదిమి, కుడి సూదితో తోక చివరి ఖండాలకు ముందు చిన్న గాటు పెట్టి మెల్లగా వెనక్కి లాగాలి. తొందరపడితే తోక ఒక్కటే ఊడి వస్తుంది. ఊపిరి బిగబట్టి లాగితే చివరి ఖండాల వెంట పేగులు, వాటి పక్కన పాలరంగు అండాశయాల జంట జారి చుక్కలోకి వస్తాయి. వాటితోపాటు నల్లగా మెరిసే గుండ్రటి గుళికలు మూడు కనబడ్డాయంటే ఏడిస్ లేదా క్యూలెక్స్. అనాఫిలిస్‌కు ఒక్కటే ఉంటుంది. అవి వీర్యకోశాలు. ఆడదోమ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. ఆ వీర్యాన్ని అక్కడ దాచుకుని విడత విడతకూ వాడుకుంటుంది. మగవాటిని కాదని వదిలేయడానికి ఇదీ ఒక కారణమే. నేను పట్టే దోమల విషయంలో వాటి పని ఎప్పుడో అయిపోయింది.

అండాశయాన్ని శుభ్రమైన నీటి చుక్కలోకి మార్చి ఆరనివ్వాలి. ఆరాక, లోపల గాలి నిండిన శ్వాసనాళాల సన్నటి కొసలు నల్లగా కనబడతాయి. ఇంతవరకు గుడ్లు పెట్టని దోమలో ఆ కొసలు దారపు ఉండల్లా బిగుతుగా చుట్టుకుని ఉంటాయి. ఒక్కసారి గుడ్లు ఎదిగితే అండాశయం ఉబ్బి ఆ చుట్లను విప్పేస్తుంది, ఇక మళ్లీ చుట్టుకోవు. సోవియట్ శాస్త్రవేత్త తత్యానా డెతినోవా స్థిరపరచిన ఈ పద్ధతికి ఖరీదైన రసాయనం ఒక్కటీ అక్కరలేదు. కీటకశాస్త్రంలో నాకు తెలిసిన అత్యంత అందమైన పరీక్ష ఇదే. ఒక షరతు ఉంది: గుడ్లు ఎదగడం మొదలైన అండాశయం దీనికి పనికిరాదు, పచ్చసొన అన్నిటినీ కప్పేస్తుంది. ఖాళీ కడుపువి, అప్పుడే తాగినవి మాత్రమే చూడాలి. ఎన్నిసార్లు పెట్టిందో కూడా తేల్చే ఇంకో పద్ధతి ఉంది. ఒక్కో అండగొట్టాన్ని విడదీసి, ప్రతి విడతా వదిలిన ఉబ్బును లెక్కపెట్టాలి. నా సూదులకూ నా ఓపికకూ అది ఇంకా అందలేదు.

కోసిన ఏడిస్‌లలో ఒకదాని జీర్ణాశయం మిగతావాటిలా లేదు. మధ్యలో నల్లబడిన పాత ముద్ద, దాని చుట్టూ తాజా ఎరుపు. ఒక విడత గుడ్లు పూర్తికాకముందే అది మళ్లీ తాగింది. పైన రాసిన అనాసక్తికి ఇది విరుద్ధంగా కనబడుతుంది. మొదటిసారి కడుపు నిండకముందే మనిషి విదిలించి ఉంటే ఆ కబురు సరిగా అందదు. ఏడిస్ కుట్టేది మనుషులు మెలకువగా ఉండే పగటిపూట, సగంలో లేవగొట్టడం మామూలు. ఇంకో కారణం ఆహారానిది. మనిషి రక్తంలో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. గుడ్లకు చాలినంత దొరకడానికి, చక్కెర తాగడం తగ్గించి శక్తిని కూడా రక్తం నుంచే తీసుకోవడానికి మాటిమాటికీ మనిషి దగ్గరకే వస్తుంది. ఒక ఇంట్లో ఒకే వారంలో నలుగురికి డెంగీ వస్తే నాలుగు దోమలు అక్కరలేదు.

లెక్క

వయసు లెక్క 1954లో డేవిడ్‌సన్ అనే శాస్త్రవేత్త చూపిన దారిలో వెళుతుంది. పట్టిన దోమల్లో ఇదివరకే గుడ్లు పెట్టినవి సగం, ఒక చక్రానికి (రక్తం తాగి, గుడ్లు పెట్టి, మళ్లీ తాగడానికి వచ్చే దాకా) 3 రోజులు అనుకుందాం. అంటే 3 రోజులు గడిచేసరికి సగం బతికాయి. 0.5కు ఘనమూలం తీస్తే రోజువారీ బతుకు, అంటే ఒక రోజు గడిచేసరికి బతికి ఉండే భాగం, సుమారు 0.79. ఆ లెక్కన 10 రోజులు దాటేవి నూటికి 10. అదే రోజువారీ బతుకు 0.9 అయితే 10 రోజులు దాటేవి నూటికి 35. రోజువారీ అంకెలో తేడా 0.11 మాత్రమే, ప్రమాదకారి దోమలు మాత్రం మూడున్నర రెట్లు. దోమల సంఖ్యను సగానికి తగ్గిస్తే ముప్పు సగమే తగ్గుతుంది. వాటి ఆయుష్షును కొద్దిగా కోస్తే అంతకంటే చాలా ఎక్కువ తగ్గుతుంది. గోడల మీద మందు పిచికారీ, మందు పట్టించిన దోమతెరలు పనిచేసేది ఇక్కడే: ప్రతి చక్రంలోనూ దోమ మనిషి దగ్గరకు ఒకసారైనా రావాలి, తాగాక వాలాలి. ప్రతి రాకా దానికి ఒక గండం.

ఈ లెక్కలో నా స్లైడ్లను ఇంకా పెట్టలేదు. గోడల మీద వాలినవాటిని పట్టడంలో ఒక మొగ్గు ఉంది: అరిగించుకుంటూ కూర్చున్న తాగినవీ గర్భంతో ఉన్నవీ గొట్టంలోకి ఎక్కువగా వస్తాయి, ఆకలితో తిరిగేవి తక్కువ. వయసు పంపిణీకి కావలసినవి ఆ తిరిగేవే. పుట్టుకలు, చావులు నిలకడగా ఉన్న కాలంలోనే ఈ సూత్రం నమ్మదగినది కూడా. వాన కురిసిన వారం తర్వాత పడుచు దోమలు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. అప్పుడు కోస్తే గుడ్లు పెట్టనివే ఎక్కువ కనబడి, దోమలన్నీ అల్పాయుష్కులన్న భ్రమ కలుగుతుంది.

ఇక ముందు

ఆకలి దోమలను పట్టడానికి వెనక నుంచి వీపు మీద పడేవాటిని వలతో అందుకునే ఏర్పాటు ఒకటి, కుట్టించుకోకుండా, తయారవుతోంది. చలికాలం వచ్చాక ఇవే కప్పులు మళ్లీ పెట్టి చక్రం ఎన్నాళ్లకు సాగుతుందో చూడాలి. క్యూలెక్స్ పిపియన్స్‌లో మోలెస్టస్ అనే రకం మొదటి విడత గుడ్లు చుక్క రక్తం లేకుండానే పెడుతుంది, లార్వాగా ఉన్నప్పుడు కూడబెట్టుకున్న సత్తువతోనే. లండన్ భూగర్భ రైలు సొరంగాల్లో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తలదాచుకున్నవారిని కుట్టిన దోమగా దానికి పేరు. నేను పట్టే రకమైన క్యూలెక్స్ క్వింక్వెఫాషియేటస్‌కు ఆ విద్య లేదంటారు. అందుకే రక్తం ముట్టని క్యూలెక్స్‌లు కొన్నిటిని చక్కెర నీళ్ల మీదే ఉంచి, పక్కన నీళ్ల గిన్నె పెట్టాను. ఇప్పటిదాకా గిన్నెలో తెప్ప పడలేదు. ఆ దోమలను కూడా కోసి, అండాశయం క్రిస్టోఫర్స్ లెక్కలో రెండో దశ దగ్గరే ఆగిందో లేదో చూశాక ఆ బోను మూసేస్తాను.